ఎంత త్వరగా? ఎంత మేరకు? – ద్రావణీయత పాఠం చెప్పేవారికి

ద్రావణాల పాఠం పూర్తి చేశారు. ద్రావితం, ద్రావణి, సంతృప్తం, అసంతృప్తం, ద్రావణీయత... ఏది అడిగినా పిల్లలు గడగడా చెప్పేస్తున్నారు. నోట్సులు కూడా దిద్దేశారు. ఇక తర్వాతి పాఠంలోకి వెళ్దామనుకుంటున్నారా? ఒక్క రోజు ఆగండి. రేపు తరగతిలో అడుగుపెట్టగానే బోర్డు మీద ఈ ప్రశ్న రాయండి.

"గ్లాసు నీళ్ళలో ఉప్పు వేస్తూ, కలుపుతూ పోయాం. ఒక దశలో ఎంత కలిపినా కొంత ఉప్పు అడుగునే మిగిలిపోయింది. ఇంకో గంటసేపు కలిపితే అదీ కరుగుతుందా? ముందే మెత్తగా నూరి వేసి ఉంటే కరిగేదా? నీళ్ళు వేడి చేస్తే?"

ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరి జవాబు వాళ్ళను చీటీ మీద రాయమనండి. ఆ చీటీలు స్టాఫ్‌రూములో కూర్చుని చదవండి. నిర్వచనాలన్నీ తప్పు లేకుండా రాసిన పిల్లలు కూడా "బాగా కలిపితే కరుగుతుంది", "పొడి చేస్తే ఎక్కువ కరుగుతుంది", "వేడి చేస్తే మొత్తం కరిగిపోతుంది" అని రాసి ఉంటారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఇంట్లో వాళ్ళు చూసింది అదే కదా! టీలో చెంచా తిప్పితే చక్కెర కరుగుతుంది. టీ వేడిగా ఉంటే ఇంకా తొందరగా కరుగుతుంది. టీలో వేసుకునే రెండు చెంచాల చక్కెర ఏనాడూ హద్దు దాకా రాదు. కాబట్టి హద్దంటూ ఒకటుందని పిల్లలకు తెలిసే అవకాశమే లేదు.

ఒక పదార్థం ఎంత త్వరగా కరుగుతుంది అన్నది ఒక ప్రశ్న. ఎంత మేరకు కరుగుతుంది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. కలపడం, పొడి చేయడం మొదటిదాన్ని మాత్రమే మారుస్తాయి. ఉష్ణోగ్రత మొదటిదాన్ని పెంచుతుంది. రెండోదాన్ని కొన్ని పదార్థాల్లో బాగా పెంచుతుంది, కొన్నిటిలో దాదాపు కదిలించదు, కొన్నిటిలో తగ్గిస్తుంది. ఈ రెండు ప్రశ్నలూ పిల్లల బుర్రలో విడిపడితే ఈ పాఠంలో ముప్పాతిక వంతు పని అయినట్టే. ఎలా విడదీయాలో చూద్దాం.

1. సూత్రం మీరు చెప్పకండి, ఉప్పు చేత చెప్పించండి

మనలో చాలామంది "ఉష్ణోగ్రత పెరిగితే ద్రావణీయత పెరుగుతుంది" అని బోర్డు మీద రాసి పాఠం మొదలుపెడతాం. ఆ వాక్యం రాసిన క్షణం నుంచి పిల్లలు ఆలోచించడం మానేసి రాసుకోవడం మొదలుపెడతారు. పైగా ఆ వాక్యం అన్ని పదార్థాలకూ నిజం కాదు. మరి దాంతో ఎందుకు మొదలుపెట్టాలి?

ముందు రోజు సాయంత్రం కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఉప్పు తూచి కాగితం పొట్లాలు కట్టించండి. 5 గ్రాములవి ఆరు, 1 గ్రాము పొట్లాలు పది చాలు. ఒక్కొక్క గ్రాము తూచడానికి ఆ కాటా పనికిరాకపోతే ల్యాబులో ఉన్న త్రాసు వాడండి. పొట్లాలు కట్టే పని పిల్లలకే అప్పజెప్పండి. తామే తూచిన ఉప్పు మీద వాళ్ళకు గురి ఉంటుంది.

బల్ల మీద రెండు బీకర్లు పెట్టండి. రెండింటిలోనూ 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోయండి. ఒకదానిలో కుళాయి నీళ్ళు, రెండోదానిలో సుమారు 60 డిగ్రీల వేడినీళ్ళు. స్టవ్ లేదని వెనకాడకండి. మధ్యాహ్న భోజనం వండే చోట అడిగితే వేడినీళ్ళు దొరుకుతాయి. అవి మీరే తేవాలి, మీరే పోయాలి. పిల్లల్ని పంపకండి.

ఇప్పుడు రెండింటిలోనూ 15 గ్రాముల చొప్పున ఉప్పు వేసి ఇద్దరు పిల్లల చేత ఒకేసారి కలిపించండి. వేడినీళ్ళలో ముందు కరుగుతుంది. తరగతి కేకలు వేస్తుంది. వేయనివ్వండి. ఆ సందడి సద్దుమణగక ముందే అడగండి: "సరే, చల్లనీళ్ళలో ఇంకెన్ని గ్రాములు పడతాయి? వేడినీళ్ళలో ఎన్ని పడతాయి? రాయండి."

వేడినీళ్ళకు పది, ఇరవై, కొందరైతే యాభై అని కూడా రాస్తారు. ఇక ఒక్కో గ్రాము పొట్లం వేస్తూ రండి. 16... 17... 18... చల్లనీళ్ళ బీకరులో పద్దెనిమిదో గ్రాము దగ్గర ఉప్పు మొండికేస్తుంది. ఇప్పుడందరి చూపూ వేడినీళ్ళ బీకరు మీదే ఉంటుంది. 18 వేశారు, కరిగింది. 19 వేశారు. కలుపుతున్న పిల్లవాడు చేయి మార్చి మళ్ళీ కలుపుతాడు. అడుగున ఉప్పు అలాగే ఉంటుంది.

"సార్, ఇంకా కలపమంటారా?"

"కలుపు నాన్నా, నీ ఓపికున్నంత సేపు కలుపు."

మీ పాఠానికి ఈ క్షణమే ప్రాణం. ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. వేడినీళ్ళు గెలిచాయి, కానీ వేగంలోనే. హద్దు మాత్రం రెండింటికీ దాదాపు ఒక్కటే. 100 గ్రాముల నీటిలో మామూలు ఉప్పు 20 డిగ్రీల దగ్గర 36 గ్రాములు కరిగితే, 60 డిగ్రీల దగ్గర 37 గ్రాములు కరుగుతుంది. 50 గ్రాముల నీటికి ఆ తేడా అర గ్రాము. మన గ్రాము పొట్లాలకు అది దొరకదు. దొరక్కపోవడమే మనకు కావాలి.

ఈ ప్రయోగం చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. ముందే తెలుసుకుంటే తరగతిలో తడబడాల్సిన పని ఉండదు.

మొదటిది తొందర. హద్దు దగ్గరపడ్డాక ఒక్కో గ్రాము కరగడానికి రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. అరనిమిషం తిప్పి "కరగలేదు సార్" అంటే నమ్మకండి. పిల్లలు 14 గ్రాముల దగ్గరే ఆగిపోయారంటే కారణం అదే.

రెండోది ఉప్పు రకం. ప్యాకెట్టు ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాల వల్ల నీళ్ళు కొద్దిగా మసకబారవచ్చు. రాళ్ళ ఉప్పులోనైతే మట్టి, ఇసుక ఉంటాయి. ఆ మడ్డిని చూసి పిల్లలు కరగని ఉప్పనుకుంటారు. రాళ్ళ ఉప్పే వాడాల్సి వస్తే ముందు దాన్ని నీళ్ళలో కరిగించి, వడకట్టి, ఆ నీటిని ఎండలో పెట్టి ఉప్పు తీసుకోండి. అదీ ఒక పాఠమే.

మూడోది, అందరూ మరిచేది: వేడినీళ్ళు చల్లారుతాయి, ఆవిరవుతాయి కూడా. బీకరును ఇంకాస్త పెద్ద గిన్నెలో వేడినీళ్ళ మధ్య ఉంచండి. కలపనప్పుడు మూత పెట్టండి. థర్మామీటరు చూసేటప్పుడు మొదట పోసిన నీళ్ళ ఉష్ణోగ్రత కాదు, ఉప్పు కరిగాక ఉన్న ద్రావణం ఉష్ణోగ్రత రాసుకోమనండి. ఈ తేడా ఎందుకో పిల్లలకు అర్థం కావాలంటే ఒక గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల యూరియా వేసి కలిపి, గ్లాసు బయట చేయి పెట్టించండి. చల్లగా తగులుతుంది. పొలానికి యూరియా నీళ్ళు కలిపే ఇంటి పిల్లవాడు మీకంటే ముందే ఆ మాట చెబుతాడు. కరగడంలోనే కొన్ని పదార్థాలు వేడిని పీల్చుకుంటాయి. అంటే నీళ్ళు మొదట ఎంత వేడిగా ఉన్నాయో, కరిగాక అంతే వేడిగా ఉంటాయనుకోకూడదు. యూరియా తాకాక చేతులు కడిగించడం మాత్రం మరవకండి.

2. చక్కెరతో ఆశ్చర్యపరచండి

ఉప్పు తర్వాత చక్కెర. 20 మిల్లీలీటర్ల నీళ్ళు ఒక చిన్న గ్లాసులో పోయండి. అంటే గ్లాసు అడుగున కాసిన్ని. పక్కనే 40 గ్రాముల చక్కెర ఒక పళ్ళెంలో కుప్పగా పోయండి. "ఈ కుప్పంతా ఈ కాసిని నీళ్ళలో పడుతుందా?" అని అడగండి. చూడ్డానికి అసాధ్యంగా కనిపిస్తుంది. కొంచెం కొంచెంగా వేసి కలిపితే మొత్తం పడుతుంది. మన గది ఉష్ణోగ్రతలో నీరు తన బరువుకు రెట్టింపు చక్కెరను కరిగించుకుంటుంది. ద్రావణం చిక్కబడేకొద్దీ కరగడం బాగా నెమ్మదిస్తుంది కాబట్టి ఈ గ్లాసును పీరియడ్ మొదట్లోనే ఒక జట్టుకు అప్పగించి, చివర్లో ఫలితం చెప్పమనండి.

అదే 20 మిల్లీలీటర్లలో ఉప్పు ఎంత పడుతుంది? లెక్క వాళ్ళనే చేయమనండి. ఏడు గ్రాములు. ఒకే నీళ్ళు, ఒకే ఉష్ణోగ్రత, ఒకదానికి 40, ఇంకోదానికి 7. హద్దు నీళ్ళది మాత్రమే కాదని, కరిగే పదార్థానిదీ అని ఇక మీరు చెప్పక్కర్లేదు.

3. పోలిక చెప్పే ముందు దాన్ని పరీక్షించండి

సంతృప్త ద్రావణం అనగానే మనకు నోటికొచ్చే పోలిక బస్సు. సీట్లన్నీ నిండిపోయాయి, ఇక ఎవరూ ఎక్కలేరు అంటాం. పిల్లలకు వెంటనే అర్థమైనట్టే ఉంటుంది. కానీ ఉప్పుతో సంతృప్తమైన నీళ్ళను వడకట్టి, అందులో ఒక చెంచా చక్కెర వేసి చూడండి. కరుగుతుంది. సీట్లు నిండిన బస్సులోకి చక్కెర ఎలా ఎక్కింది?

ఉప్పుతో సంతృప్తమైన ద్రావణం ఉప్పుకే సంతృప్తం. పోలిక చెప్పాలనుకుంటే చెప్పండి, కానీ ఆ వెంటనే ఈ చక్కెర ప్రయోగం చేసి, పోలిక ఎక్కడ తెగిపోతుందో పిల్లల చేతే చెప్పించండి. నాకైతే పోలిక లేకుండా ప్రయోగం ఒక్కటే చాలనిపిస్తుంది.

4. ఉష్ణోగ్రత సత్తా చూపడానికి పటిక తెచ్చుకోండి

ఉప్పుతో "వేడి ప్రభావం దాదాపు లేదు" అని చూశారు. ఇప్పుడు ఎదురు ఉదాహరణ కావాలి. పుస్తకాల్లో పొటాషియం నైట్రేటు ఉంటుంది. దాన్ని తెప్పించే పని పెట్టుకోకండి. అది బాణాసంచాలో వాడే సూరేకారం, పిల్లల చేతిలో పెట్టే వస్తువు కాదు. మైలతుత్తం నీలం స్ఫటికాలు ముచ్చటగా ఉంటాయి కానీ అది విషం. కిరాణా కొట్టులోనో, పూజా సామాను అమ్మే చోటో దొరికే పటిక అన్నిటికంటే నయం. అది కూడా నోట్లో పెట్టించకండి. ల్యాబులో ఉన్నది ఏదీ రుచి చూడకూడదన్న నియమానికి మినహాయింపులు ఉండకూడదు.

పటిక 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో 11, 12 గ్రాములే కరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర 50 గ్రాములు దాటుతుంది. పటికను దంచి, వేడినీళ్ళలో ఇక కరగదు అన్నంత వరకూ కలపండి. పైనున్న తేటను వేరే గ్లాసులోకి వంపండి. ఒక పుల్లకు దారం కట్టి, దారం చివర చిన్న పటిక పలుకు ముడివేసి, గ్లాసు మధ్యలో వేలాడేలా పుల్లను అడ్డంగా పెట్టండి. ద్రావణం గది ఉష్ణోగ్రతకు వచ్చాకే పలుకును దించాలి. వేడిగా ఉండగానే దించితే ఆ పలుకే కరిగిపోతుంది. పిల్లలు చేసే ప్రధానమైన తప్పు ఇదే. చల్లార్చేటప్పుడు గ్లాసు అడుగున ముందే స్ఫటికాలు వస్తే, తేటను ఇంకో గ్లాసులోకి మార్చుకుని పలుకు వేలాడదీయండి.

మరునాడు ఉదయం ప్రార్థనకు ముందే పిల్లలు ల్యాబు కిటికీ దగ్గర చేరతారు. దారం చివర ఎనిమిది ముఖాల స్ఫటికం పెరగడం మొదలై ఉంటుంది. కదపకుండా ఉంచితే రోజురోజుకూ పెరుగుతుంది. "ఇంతకీ ఈ పటిక ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. వేడినీళ్ళు మోసినంతా చల్లనీళ్ళు మోయలేవు, ఆ మిగులే స్ఫటికమైంది అన్న జవాబు ఏ మూల నుంచో ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగండి.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేయవచ్చు. శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల్లో సముద్రపు నీళ్ళను చల్లార్చి ఉప్పు తీయొచ్చు కదా, ఎండ కోసం ఎందుకు కాచుకుంటారు? ఉప్పు ద్రావణీయత వేడికి పెద్దగా మారదు కాబట్టి చల్లార్చితే రాలేది ఏమీ ఉండదు. నీటినే తగ్గించాలి. కిలో సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి 35 గ్రాములే ఉంటాయి. పది వంతుల్లో సుమారు తొమ్మిది వంతుల నీరు ఆవిరయ్యాక గానీ మడిలో ఉప్పు పేరుకోదు. అకాల వర్షం పడితే ఉప్పు రైతు శ్రమ ఎందుకు నీళ్ళపాలవుతుందో పిల్లలకు ఈ లెక్కతో అర్థమవుతుంది.

వంటింట్లోకీ వెళ్ళండి. గులాబ్‌జామ్ పాకం రెండు రోజులకు గిన్నె అంచున పలుకులు కట్టడం ఎంతమంది చూశారో చేతులెత్తమనండి. శీతాకాలంలో తేనె సీసాలో గడ్డకడితే "కల్తీ తేనె" అని పారబోసే ఇళ్ళున్నాయి. తేనెలోని గ్లూకోజు చల్లదనానికి స్ఫటికాలు కట్టడం సహజం. సీసాను గోరువెచ్చని నీళ్ళలో పెడితే మళ్ళీ జారుతుంది. ఈ ఒక్క విషయం ఇంటికెళ్ళి అమ్మకు చెప్పినా ఆ పిల్ల మీ పాఠాన్ని వాడుకున్నట్టే.

5. తలకిందులయ్యే ఉదాహరణలు తప్పకుండా చూపండి

ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. "పరీక్షలో రాదు", "పిల్లలు తికమకపడతారు" అంటారు. నా అనుభవంలో పిల్లలు తికమకపడేది మనం సగమే చెప్పినప్పుడు.

తమలపాకులకు రాసుకునే సున్నం ఒక చెంచా తీసుకుని లీటరు నీళ్ళలో కలిపి, మూత పెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి పైన తేట నిలుస్తుంది. ఆ సున్నపు తేటను పరీక్షనాళికలో సగం వరకు పోసి, స్పిరిట్ ల్యాంపు మీద మెల్లగా వేడి చేయండి. మరగకముందే ద్రావణం మసకబారుతుంది. వేడికి ఇంకా బాగా కరగాల్సింది పోయి, కరిగింది బయటపడుతోంది! 100 గ్రాముల నీటిలో సున్నం 20 డిగ్రీల దగ్గర సుమారు 0.17 గ్రాములు కరిగితే, 100 డిగ్రీల దగ్గర అందులో సగానికన్నా తక్కువే కరుగుతుంది. నాళికను చల్లారనిస్తే మెల్లగా మళ్ళీ తేటపడుతుంది.

"ఊపిరి ఊదితే కూడా సున్నపు తేట తెల్లబడుతుంది కదా టీచర్, ఇదీ అదేనా?" అని ఒక తెలివైన అమ్మాయి అడుగుతుంది. అడగకపోతే మీరే అడగండి. ఊపిరి వల్ల ఏర్పడేది కాల్షియం కార్బనేటు. అది చల్లార్చినా పోదు. వేడి వల్ల వచ్చిన మసక చల్లార్చితే పోతుంది. తేల్చుకునే పరీక్ష పిల్లలకే వదిలేయండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం. ఈ ప్రయోగం మీ బల్ల మీదే, మీ చేతులతోనే జరగాలి. నాళిక మూతి పిల్లల వైపు ఉండకూడదు.

ఇక వాయువులు. ఒకే సీసాలోని చల్లని సోడాను రెండు గ్లాసుల్లో సమంగా పోయండి. ఒక గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. బుడగలు దేనిలో ఎక్కువ వస్తున్నాయో వెనక బెంచీ వాళ్ళకు కూడా కనిపిస్తుంది. వేడి పెరిగితే నీటిలో వాయువు నిలవదు. సోడా సీసాను మాత్రం మూతతో సహా వేడి చేయకండి, ఎండలో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది.

సోడా కూడా లేదా? గిన్నెలో మామూలు నీళ్ళు పొయ్యి మీద పెట్టండి. మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు సన్నని బుడగలు అంటుకుంటాయి. అది ఆవిరి కాదు, నీటిలో కరిగి ఉన్న గాలి.

మీ బడి భీమవరం చుట్టుపక్కలో, కొల్లేరు దగ్గరో ఉందనుకోండి. ఈ పాఠానికి మీ ఊరి కంటే మంచి చోటు లేదు. చెరువులో ఏరేటర్లు రాత్రిపూట ఎందుకు తిప్పుతారో రొయ్యల చెరువున్న ఇంటి పిల్లవాణ్ణి లేచి చెప్పమనండి. మంచినీటిలో 0 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 20 డిగ్రీలకు అది 9కి, 30 డిగ్రీలకు 7.5కి దిగుతుంది. వేసవిలో చెరువు నీరు మోయగలిగిన ఆక్సిజనే తక్కువ. రాత్రి నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా చెరువులోని ప్రాణులన్నిటితో పాటు అదీ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి. తండ్రి టార్చిలైటుతో గట్టు మీద తిరిగే కారణాన్ని కొడుకు పుస్తకంలో చూసుకున్నప్పుడు వాడి కళ్ళలో వెలుగు చూడండి. ఆ రోజు వాడే మీ తరగతికి మాష్టారు.

6. "సంతృప్తం" అంటే "చిక్కన" కాదని ఒకసారి గట్టిగా చెప్పండి

ఇప్పటికే మీ దగ్గర సున్నపు తేట ఉంది, పక్కన ఇంకో గ్లాసులో చక్కెర పాకం కలుపుకోండి. సున్నపు తేట సంతృప్త ద్రావణమే, కానీ చాలా పలచన. 100 గ్రాముల నీటిలో 100 గ్రాముల చక్కెర కరిగించిన పాకం చాలా చిక్కన, కానీ అసంతృప్తం. రెండూ పక్కపక్కన పెట్టి "ఇందులో ఏది సంతృప్తం?" అని అడిగితే చాలామంది పాకం వైపు చూపిస్తారు. ఇంకో చెంచా వేసి చూడటమే పరీక్ష. చక్కెర ఇంకా కరుగుతుంది, సున్నం కరగదు.

ఇదే సందర్భంలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఒకటి తరగతికి తీసుకురండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి. అందులో ఉప్పు 2.6 గ్రాములే. అదే లీటరులో 360 గ్రాముల ఉప్పు కరగగలదు. హద్దుకు చాలా దూరంలో ఉంది కదా అని సగం నీళ్ళే పోసి కలిపితే? పొడి పూర్తిగానే కరుగుతుంది, కానీ విరేచనాలతో నీరసించిన బిడ్డకు అది మేలు చేయకపోగా హాని చేస్తుంది. కరగడం వేరు, తగిన గాఢత వేరు. ఈ మాట మార్కుల కోసం కాదు, ఊళ్ళో రేపు అవసరపడుతుందని చెప్పండి.

7. లెక్కల్లో జారిపడే మూడు చోట్లు

తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏళ్ళుగా వచ్చిన ఒక పట్టిక ఉంది. దాని ప్రకారం 100 గ్రాముల నీటిలో పొటాషియం నైట్రేటు 283 కెల్విన్ల దగ్గర 21 గ్రాములు, 293 దగ్గర 32, 313 దగ్గర 62, 333 దగ్గర 106, 353 దగ్గర 167 గ్రాములు కరుగుతుంది. సోడియం క్లోరైడు వరుస 36, 36, 36, 37, 37. ప్రయోగాలు చేశాక ఈ పట్టిక చూపండి, ముందు కాదు. ఉప్పు వరుస చూడగానే "మన బీకరు!" అంటారు.

మొదటిది, నీటి బరువు. "313 కెల్విన్ల దగ్గర 50 గ్రాముల నీటితో సంతృప్త ద్రావణం చేయడానికి ఎంత పొటాషియం నైట్రేటు కావాలి?" జవాబు 31. పట్టికలోని 62ను అలాగే దించేసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. లెక్క మొదలుపెట్టే ముందు "నీళ్ళెన్ని?" అన్న ప్రశ్నను నోట్సులో పెద్ద అక్షరాలతో రాయించడమే దీనికి మందు.

రెండోది, శాతం. 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు ఉంటే ద్రవ్యరాశి శాతం 36 అని రాస్తారు. ద్రావణీయతకు లెక్క 100 గ్రాముల ద్రావణికి, శాతానికి లెక్క 100 గ్రాముల ద్రావణానికి. ఇక్కడ ద్రావణం బరువు 136. కాబట్టి 36ను 136తో భాగించి 100తో హెచ్చవేయాలి, సుమారు 26.5 శాతం. బోర్డు మీద చెబితే నిలవదు. 100 గ్రాముల నీళ్ళు, 36 గ్రాముల ఉప్పు విడివిడిగా తూచి, కలిపాక మళ్ళీ తూయించండి. కాటా 136 చూపిస్తుంది. కరిగిన ఉప్పు "మాయమైపోయింది" అనుకునే చిన్న తరగతి పిల్లలకూ ఆ అంకె ఒక్కటే సమాధానం.

మూడోది, చల్లార్చే లెక్క. 333 కెల్విన్ల దగ్గర 100 గ్రాముల నీటిలో పొటాషియం నైట్రేటు సంతృప్త ద్రావణం చేసి, 293కు చల్లార్చితే ఎంత బయటపడుతుంది? 106లోంచి 32 తీసేస్తే 74 గ్రాములు. అదే పని సోడియం క్లోరైడుతో చేస్తే? ఒక్క గ్రాము. ఈ రెండు జవాబులూ పక్కపక్కన రాయించి, నౌపడ మడుల ప్రశ్న మళ్ళీ అడగండి.

ఈ పట్టికతో గ్రాఫు గీయించేటప్పుడు గీత మీద ఉన్న బిందువు, గీత కింద ఉన్న బిందువు దేన్ని సూచిస్తాయో చెప్పించండి. గీత మీద సంతృప్తం, కింద అసంతృప్తం. గీతకు పైన బిందువు పెట్టి "ఇక్కడేం జరుగుతుంది?" అని అడగండి. మామూలుగా మిగులు అడుగున పేరుకుంటుంది. పేరుకోకుండా ద్రావణంలోనే నిలిచిపోతే అతిసంతృప్తం. పటిక ద్రావణం చల్లారాక పలుకు దించేముందు ఉన్న స్థితి అదే.

ఒక చిన్న జాగ్రత్త కూడా చెప్పాలి. ద్రావణాలకు ఉదాహరణలు ఇవ్వమంటే పిల్లలు ఐసు ముక్క కరగడాన్ని కూడా చేర్చేస్తారు. అక్కడ ఉన్నది ఒక్క పదార్థమే, ఘనం ద్రవమైంది. ద్రావణానికి రెండు పదార్థాలు కావాలి. ఒక వాక్యంలో తేల్చి ముందుకు వెళ్ళండి.

ఇన్ని చేయడానికి పీరియడ్లు ఎక్కడివి అంటారా? ఉప్పు ప్రయోగం ఒక పూర్తి పీరియడ్ తీసుకుంటుంది. దాన్ని కుదించకండి. చక్కెర గ్లాసు అదే పీరియడ్‌లో పక్కన నడుస్తుంది. పటిక, సున్నం, సోడా కలిపి ఇంకో పీరియడ్. లెక్కలకు ఒకటి. మొత్తం మూడు. నిర్వచనాలు రాయించి, చదివించి, ఒప్పజెప్పించుకోవడానికి ఇప్పుడు మీకు పడుతున్నది ఇంతకు తక్కువేమీ కాదు. అరవై మంది ఉన్న తరగతైతే ప్రయోగం మీ బల్ల మీద ఒక్కచోటే చేయండి, ఊహ మాత్రం అరవై మందీ రాయాలి. చేతులు తడవకపోయినా ఫరవాలేదు, ప్రతి బుర్రా పందెం కాయాలి. ఊహ తప్పిన పిల్లవాణ్ణి ఎవరూ నవ్వకుండా చూసుకోండి. "ఎందుకలా అనుకున్నావమ్మా?" అని అడగండి. వాళ్ళు చెప్పే కారణంలోనే మీ తర్వాతి ప్రశ్న ఉంటుంది.

మూడో పీరియడ్ చివర, మొదటి రోజు రాయించిన చీటీలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయండి. తప్పుల్ని మీరు దిద్దకండి. వాళ్ళే దిద్దుకుని, పక్కన కారణం రాయాలి. కారణంలో "త్వరగా", "మేరకు" అన్న తేడా కనిపిస్తే పాఠం అందినట్టు. కనిపించని వాళ్ళ పేర్లు రాసుకుని, ఆ నలుగురైదుగురి చేత మాత్రం రెండు బీకర్ల ప్రయోగం మళ్ళీ చేయించండి. ఈసారి కలిపేది వాళ్ళే కావాలి.

కావలసినవి ఇవి: రెండు బీకర్లు, థర్మామీటరు, పొట్లాలు కట్టిన ఉప్పు, పావుకిలో చక్కెర, వంద గ్రాముల పటిక, ఒక చల్లని సోడా, ఒక చెంచా సున్నం. మిగతావన్నీ రేపు ఉదయం సర్దుకోవచ్చు. సున్నపు తేటకు మాత్రం ఒక రాత్రి పడుతుంది. దాన్ని ఈ సాయంత్రమే నానబెట్టండి.